కేబుల్ తీసేశాక అడవి డాక్యుమెంటరీలు టీవీలో చూడాలంటే

ప్రశ్న: కేబుల్ కనెక్షన్ తీయించేశాం. ఇంట్లో పదేళ్ల బాబు, డెబ్బై దాటిన నాన్నగారు ఇద్దరూ జంతువుల కార్యక్రమాలే చూసేవాళ్లు. నెలనెలా చానళ్లకు డబ్బు కట్టకుండా వాటిని టీవీలో చూసే దారి ఉందా? డీడీ ఫ్రీ డిష్ పెట్టిస్తే వస్తాయా? మాది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ, స్మార్ట్ కాదు, హెచ్‌డీఎంఐ ఉంది. ఉండేది హైదరాబాదులో. తెలుగులో వస్తే మరీ మంచిది.

జవాబు:

ఫ్రీ డిష్ సంగతి ముందు తేల్చేద్దాం. మీకు కావలసింది అందులో దాదాపు లేదు. తెలుగు వ్యాఖ్యానంతో వచ్చే డిస్కవరీ, నేషనల్ జియోగ్రాఫిక్, సోనీ బీబీసీ ఎర్త్ అన్నీ డబ్బు కట్టే చానళ్లే, అవి ఫ్రీ డిష్‌లో రావు. కారణం సులువే. ఫ్రీ డిష్‌లో చోటు కావాలంటే ప్రైవేటు చానల్ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వేలంలో పాడుకోవాలి. ఆ డబ్బంతా ప్రకటనల మీదే రాబట్టుకోవాలి. అందుకే అక్కడ సినిమాలు, పాటలు, సీరియళ్లు, వార్తలు కిటకిటలాడతాయి. తీయడానికి ఏళ్లు పట్టి, ప్రకటనలు తక్కువ వచ్చే వన్యప్రాణి కార్యక్రమాలకు ఆ లెక్క కుదరదు. ప్రభుత్వ విద్యా చానళ్లయిన స్వయంప్రభ, పీఎం ఈ-విద్యలలో జీవశాస్త్రం పాఠాలు వస్తాయి. పదో తరగతి పిల్లలకు పనికొస్తాయిగానీ, పులి కోసం టీవీ ముందు కూర్చున్న నాన్నగారికి అవి ఆనవు. వార్తలు, సినిమాల కోసమైతే ఫ్రీ డిష్ మంచి బేరం. దాన్ని బిగించే పద్ధతి చివర్లో రాశాను.

మేడ మీద పాత యాంటెన్నా ఉందికదా అనుకుంటే, దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేయండి. దూరదర్శన్ నేలమీది అనలాగ్ ప్రసారాలను 2022 నాటికి దాదాపు అంతటా ఆపేసింది.

రెండు చానళ్లు మాత్రమే విడిగా కొనుక్కుంటే చౌక కాదా అని చాలామంది అడుగుతారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో తెచ్చిన పద్ధతి ప్రకారం చానల్ ధరకు ముందు కనెక్షన్ రుసుము ఒకటి ఉంటుంది. అప్పట్లో అది నెలకు 130 రూపాయలు, జీఎస్టీ కలిపితే 153. నాలుగైదు రూపాయల చానల్ ఒక్కటే కావాలన్నా ఈ రుసుము తప్పదు. చానల్ ధర చిన్నదే, తలుపు ధరే పెద్దది.

ఇక మిగిలింది ఇంటర్నెట్. మంచి ప్రకృతి డాక్యుమెంటరీలు, పూర్తి నిడివివి, చట్టబద్ధంగా ఉచితంగా అక్కడ బోలెడున్నాయి. కాకపోతే ఒకచోట లేవు, ఎక్కువ ఇంగ్లీషులో ఉన్నాయి, పైగా అసలు ఖర్చు డేటా రూపంలో పడుతుంది. ఇంట్లో ఇప్పటికే బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఆ ఖర్చు కనబడదు. లేకపోతే కేబుల్ డబ్బు మిగిల్చి నెట్‌కు కడుతున్నట్టే, ఆ లెక్క ముందే వేసుకోండి.

టీవీకి నెట్ కలపడం

స్మార్ట్ కాని టీవీకి సరైన మార్గం హెచ్‌డీఎంఐలో గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్, అంటే వైఫైతో నెట్ వీడియోలను టీవీలో ఆడించే చిన్న పరికరం. ఫైర్ టీవీ స్టిక్ గానీ, గూగుల్ టీవీ నడిచే పరికరం గానీ, సుమారు మూడు నుంచి ఐదు వేలు, ఒక్కసారి పెట్టే ఖర్చు. మీది హెచ్‌డీ రెడీ టీవీ కాబట్టి 4కే స్టిక్ అనవసరం.

స్టిక్ కొన్నాక ఎక్కువ ఇళ్లలో వచ్చే ఇబ్బంది ఒకటే: మాటిమాటికీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. దుకాణంవాడు స్టిక్ పాడైందంటాడు. నిజానికి దాన్ని టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టుకు తగిలించి ఉంటారు. ఆ పోర్టు సాధారణంగా 500 మిల్లీయాంపులే ఇస్తుంది, స్టిక్‌కు కనీసం 1 యాంపు కావాలి. దానితో వచ్చిన అడాప్టరును గోడ ప్లగ్గులోనే పెట్టండి. ఎండాకాలంలో టీవీ వెనక వేడికి బొమ్మ ఆగి ఆగి వస్తుంటే, డబ్బాలో వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగ వాడి స్టిక్‌ను టీవీకి కాస్త ఎడంగా వేలాడనివ్వండి. వైఫై కూడా మెరుగవుతుంది.

ఇంట్లో లాప్‌టాప్ ఉంటే స్టిక్ కూడా అక్కర్లేదు. మూడు వందల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. తెలుగు సబ్‌టైటిళ్ల విషయంలో లాప్‌టాప్‌దే పైచేయి కూడా, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్ నుంచి టీవీకి తీగ వేసేద్దామని టైప్-సి టు హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అది పనిచేయాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. పది పదిహేను వేల ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. ఛార్జింగ్ రంధ్రం ఒకేలా ఉంటుందిగానీ లోపల వీడియో బయటికి పంపే దారి లేదు. ఫోన్ మోడల్ వివరాల్లో ‘యూఎస్‌బీ 2.0’ అని ఉంటే ఆ అడాప్టర్ మీద డబ్బు పెట్టొద్దు.

డబ్బా టీవీ ఉన్నవాళ్లు స్టిక్‌కు, టీవీకి మధ్య ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ కన్వర్టర్ వేసుకోవచ్చు. పేరు జాగ్రత్తగా చదవండి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అనేది చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, పని ఉల్టా. కన్వర్టర్‌కు కూడా విడిగా 5 వోల్టుల కరెంటు ఇవ్వాలి.

ఫోన్‌లో వెతికి టీవీలో చూడాలంటే యూట్యూబ్‌లో ఉండే క్యాస్ట్ గుర్తునే వాడండి, స్క్రీన్ మిర్రరింగ్ వద్దు. క్యాస్ట్ చేస్తే స్టిక్ వీడియోను నేరుగా నెట్ నుంచి లాక్కుంటుంది, ఫోన్ రిమోట్‌లా మిగులుతుంది. మిర్రరింగ్‌లో ఫోన్ తన తెరనే మళ్లీ కుదించి పంపుతుంది. బొమ్మ మసకబారుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది, మధ్యలో ఫోనొస్తే సినిమా ఆగుతుంది. క్యాస్ట్ గుర్తు కనబడకపోతే రెండూ ఒకే వైఫైలో లేవని అర్థం. అప్పటికీ కుదరకపోతే టీవీ యూట్యూబ్ సెట్టింగుల్లో ‘టీవీ కోడ్’ చూపిస్తుంది. అది ఫోన్ యూట్యూబ్‌లో కొడితే కలుస్తుంది.

డేటా లెక్క

480పీ, 720పీ అనేవి బొమ్మ స్పష్టత మెట్లు, అంకె పెరిగేకొద్దీ స్పష్టత పెరుగుతుంది. యూట్యూబ్ అడిగే వేగాలు ఇవీ: 480పీకి 1.1 ఎంబీపీఎస్, 720పీకి 2.5, 1080పీకి 5, 4కేకి 20. దీన్ని గంటకు మారిస్తే సుమారుగా అర జీబీ, 1.1 జీబీ, రెండుంపావు జీబీ, 9 జీబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లానులో 1080పీ పెడితే నలభై నిమిషాలకే అయిపోతుంది. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, వాట్సాప్ మెసేజీ కూడా ఈడుస్తూ వెళ్తుంది. 720పీ అయితే గంటా ఇరవై నిమిషాలు, అంటే ఒక పూర్తి డాక్యుమెంటరీ. అన్‌లిమిటెడ్ 5జీ అనే ప్లానులు ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే అన్‌లిమిటెడ్. లోపలి గదిలో హాట్‌స్పాట్ పెట్టి ఫోన్ 4జీకి దిగితే రోజువారీ కోటా కరుగుతుంది. ఫోన్‌ను కిటికీ దగ్గర పెట్టండి.

వార్తలకు, వంటలకు 480పీ సరిపోతుంది. అడవికి సరిపోదు. వీడియోను కుదించే పద్ధతి ముందు ఫ్రేముకూ, తర్వాత ఫ్రేముకూ మధ్య మారిన భాగాన్నే కొత్తగా పంపుతుంది. న్యూస్ రీడర్ వెనక గోడ కదలదు, పని తేలిక. గాలికి ఊగే గడ్డి, నీటి మీద తళుకులు, మంచు, వెయ్యి పిట్టల గుంపు అయితే ప్రతి చుక్కా ప్రతి క్షణం మారుతుంది. తక్కువ డేటాలో అదంతా పట్టదు కాబట్టి ఆకులన్నీ పచ్చటి ముద్దవుతాయి. రాజహంసల గుంపు లేచేసరికి గడులు గడులుగా కనబడితే టీవీ తప్పు కాదు.

మీ తెర 1366×768 చుక్కలదే. మొబైల్ డేటా అయితే 720పీ పెట్టండి. స్టిక్ ‘ఆటో’లో ఉంటే వేగం దొరికినప్పుడల్లా 1080పీ లాగేస్తుంది కాబట్టి వీడియో మొదలవగానే గేర్ గుర్తులో చేత్తో మార్చాలి. బ్రాడ్‌బ్యాండ్ అయితే మీ చిన్న తెర మీద కూడా 1080పీయే ఉంచండి. చుక్కలు అదనంగా కనబడవుగానీ, అందులో వచ్చే డేటా రెట్టింపు కాబట్టి ఆకులు, ఈకలు శుభ్రంగా వస్తాయి.

ఎక్కడ చూడాలి

మొదట వెతకాల్సింది ‘అవర్ ప్లానెట్’. డేవిడ్ అటెన్‌బరో వ్యాఖ్యానం, ఎనిమిది భాగాలు. నెట్‌ఫ్లిక్స్ దీన్ని 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో బడులు మూతపడినప్పుడు, చదువు అవసరాల కోసమని తన యూట్యూబ్ చానల్లో మొత్తంగా పెట్టింది. మీ టీవీ, మీ నెట్ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడానికి కూడా ఇంతకన్నా మంచి సరుకు లేదు.

బీబీసీ ఎర్త్ యూట్యూబ్ చానల్లో ఎక్కువగా తునకలు, తునకలను గుదిగుచ్చిన గంట గంటన్నర వీడియోలు ఉంటాయి. కథ ఉండదుగానీ బాబుకు అదే నచ్చవచ్చు. జర్మనీ ప్రభుత్వ ప్రసార సంస్థ నడిపే డీడబ్ల్యూ డాక్యుమెంటరీ చానల్లో పూర్తి చిత్రాలు వస్తాయి. వేట దృశ్యాలకన్నా నదులు, సముద్రాలు, మనిషి తవ్వకాల మీద చూపు ఎక్కువ, అది నాన్నగారి వయసుకు. జపాన్‌వాళ్ల ఎన్‌హెచ్‌కే వరల్డ్ తన సైట్లోనూ యాప్‌లోనూ ఉచితం, హొక్కైడో అడవులు, మంచుకొంగల లాంటివి అక్కడ బాగుంటాయి. ‘ఫ్రీ డాక్యుమెంటరీ - నేచర్’, ‘రియల్ వైల్డ్’ చానళ్లు హక్కులు తీసుకుని పాత టీవీ చిత్రాలు వేస్తాయి. నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంటుంది, ప్రకటనలు దండిగా వస్తాయి.

మన అడవులు కావాలంటే నేచర్ ఇన్‌ఫోకస్, రౌండ్‌గ్లాస్ సస్టైన్ యూట్యూబ్ చానళ్లు చూడండి. చిన్న చిత్రాలే ఎక్కువగానీ, కెమెరా పట్టినవాళ్లకు ఇక్కడి నేల తెలుసు. ప్రసార భారతి 2024 నవంబరు 20న గోవాలో మొదలుపెట్టిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ చానళ్లు, పాత కార్యక్రమాలు ఉన్నాయి. అక్కడ వన్యప్రాణులు ప్రధాన సరుకు కాదు, ఆ అంచనాతోనే తెరవండి.

వెతికే పద్ధతి ముఖ్యం. ‘పులి వేట వీడియో’ అని తెలుగులో కొడితే చెత్త వచ్చి పడుతుంది. జంతువు ఇంగ్లీషు పేరు, పక్కన డాక్యుమెంటరీ అనే మాట కొట్టి, ఫిల్టర్లలో నిడివిని ‘20 నిమిషాలకు పైన’ అని పెట్టండి. సగం చెత్త అక్కడే రాలిపోతుంది. రేచుకుక్క కోసం ‘ధోల్’ అనీ, అడవిదున్న కోసం ‘గౌర్’ అనీ వెతకాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడక 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన కలివి కోడి కోసం ‘జెర్డాన్స్ కోర్సర్’ అని వెతకాలి. కోరింగ మడ అడవుల బావురుపిల్లి ఇంగ్లీషులో ‘ఫిషింగ్ క్యాట్’. బాబుతో ఒక నోటుపుస్తకంలో ఈ పేర్ల జతలు రాయించండి, వారంలో వెతకడం వాడే చేసిపెడతాడు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. అక్కడ ముప్పై డాలర్ల లోపు ఇంటి యాంటెన్నాతోనే పీబీఎస్ అనే ప్రజా ప్రసార చానల్ ఉచితంగా వస్తుంది, బుధవారం రాత్రుళ్లు ‘నేచర్’ అనే ధారావాహిక వేస్తుంది. ఊరి లైబ్రరీ కార్డు ఉంటే చాలాచోట్ల కనోపీ అనే సినిమాల యాప్ కూడా ఉచితం. ఇంగ్లండులో బీబీసీ ఐప్లేయర్ చూడాలంటే టీవీ లైసెన్సు ఉండాలి, కాబట్టి దాన్ని ఉచితం అనలేం.

దించుకుని దాచుకోవాలనుకుంటే అమెరికా ఫెడరల్ సంస్థల వీడియోలు మేలు. నేషనల్ పార్క్ సర్వీస్, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, సముద్రాల మీద పనిచేసే నోవా (NOAA) తమ ఉద్యోగులు తీసినవాటిని సైట్లలో దించుకోనిస్తాయి. అక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి విధుల్లో తీసినదానికి కాపీరైటు ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా పాత చిత్రాలు దొరుకుతాయిగానీ, అక్కడున్న ప్రతిదీ హక్కులు తీరినదే అనుకోకండి. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ యూఎస్‌బీకి పెట్టేటప్పుడు మూడు తంటాలు వస్తాయి. 4 జీబీ దాటిన ఫైలు ఎక్కకపోతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందని అర్థం. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఫైలు ఎక్కుతుందిగానీ పాత టీవీ ఆ డ్రైవునే గుర్తించకపోవచ్చు, అప్పుడు చిన్న సైజు ఫైలు దించుకోవడమే దారి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆ టీవీకి ఆ ఆడియో రకం తెలియదు. శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే వీడియో హెచ్.265 అనే కొత్త కుదింపు రకం అయ్యుంటుంది. ఎంపీ4 డబ్బాలో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో ఉన్నవైతే దాదాపు ఏ టీవీ అయినా ఆడిస్తుంది.

ప్రత్యక్ష కెమెరాలు

డాక్యుమెంటరీ కన్నా ఇవే బాగున్నాయనే ఇళ్లు ఉన్నాయి. వ్యాఖ్యానం ఉండదు కాబట్టి భాష సమస్యే లేదు. కాకపోతే గడియారం తెలియకపోతే చీకటి తెర చూస్తూ కూర్చోవాలి.

అలాస్కాలోని కట్మాయ్ జాతీయ వనంలో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగుబంట్లు సాల్మన్ చేపలు పట్టడాన్ని ఎక్స్‌ప్లోర్.ఆర్గ్ సైటు చూపిస్తుంది. జులై నెల అసలు రుచి, చేపలు జలపాతం మీదికి ఎగురుతుంటాయి. సెప్టెంబరులో బాగా బలిసిన ఎలుగులు మళ్లీ చేరతాయి. వేసవిలో మన గడియారం వాళ్లకన్నా పదమూడున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి వాళ్ల ఉదయం ఆరు మనకు రాత్రి ఏడున్నర. అన్నాలు తింటూ చూడొచ్చు. చలికాలంలో తెరిస్తే పాత దృశ్యాలే తిప్పుతుంటారు, తెర కింద ‘లైవ్’ అని ఉందో లేదో చూసుకోండి.

నమీబియా ఎడారిలో నీటిగుంట దగ్గర పెట్టిన కెమెరా యూట్యూబ్‌లో రోజంతా నడుస్తుంది. ఓరిక్స్‌లు, స్ప్రింగ్‌బాక్‌లు, నక్కలు, నిప్పుకోళ్లు నీళ్లకు వస్తాయి. అక్కడి సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనక. సాయంత్రం ఆరు గంటల రద్దీ మనకు రాత్రి తొమ్మిదిన్నరకు. చీకటి పడ్డాక ఇన్‌ఫ్రారెడ్‌లో నలుపు తెలుపుగా కనిపిస్తుంది, అది చెడిపోవడం కాదు.

బాబు బడి నుంచి వచ్చే వేళకు కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షుల కెమెరా సరిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో వేసవి ఉదయం ఆరు మనకు మధ్యాహ్నం మూడున్నర, గింజల తొట్టి దగ్గర పిట్టలు అప్పుడే మూగుతాయి. కాలిఫోర్నియాలోని మాంటరే బే అక్వేరియం వేసవిలో మనకు రాత్రి ఏడున్నర నుంచి వెలుగులోకి వస్తుంది. అక్కడి జెల్లీచేపల కెమెరా నిద్రపట్టని పెద్దవాళ్లకు మందులా పనిచేస్తుంది. నాటిలస్ నౌక, ష్మిట్ ఓషన్ సంస్థ నౌక సముద్రం అడుగుకు రోబోలను దించేటప్పుడు ప్రత్యక్షంగా చూపిస్తాయి, శాస్త్రవేత్తల మాటలు కూడా వినబడతాయి. ఇవి యాత్రలు ఉన్నప్పుడే.

గూళ్ల కెమెరాలు పిల్లలతో చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. డాక్యుమెంటరీలో ఎడిటరు ఉంటాడు, ఇక్కడ ఉండడు. గద్ద వచ్చి పిల్లను ఎత్తుకుపోయినా, ఆకలికి ఒక పిల్ల రాలిపోయినా కళ్లముందే జరుగుతుంది. టీవీ ఆఫ్ చేసి స్టిక్ అలాగే వదిలేస్తే కొన్నిసార్లు లోపల వీడియో నడుస్తూనే ఉంటుంది. 1080పీలో రాత్రంతా నడిస్తే తెల్లారేసరికి ఇరవై జీబీ దాకా పోతుంది. హోమ్ బటన్ నొక్కాకే టీవీ ఆపండి.

తెలుగు సంగతి

తెలుగు వ్యాఖ్యానంతో పూర్తి డాక్యుమెంటరీలు అధికారికంగా, ఉచితంగా దొరికేవి చాలా తక్కువ. సబ్‌టైటిళ్లతో సర్దుకోవాలి. లాప్‌టాప్‌లో యూట్యూబ్ గేర్ గుర్తు, సబ్‌టైటిల్స్, ఆటో-ట్రాన్స్‌లేట్, తెలుగు, ఇదీ వరస. వీడియోకు ముందే ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉంటేనే ఆ ఎంపిక వస్తుంది. మనిషి రాసిన ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నవాటిలో తెలుగు కాస్త చదవగలిగేలా ఉంటుంది. యంత్రం విని రాసుకున్నదాన్ని మళ్లీ యంత్రం అనువదిస్తే గందరగోళమే. గేర్‌లో ‘ఆడియో ట్రాక్’ అనేది కనబడితే అందులో ఏ భాషలున్నాయో చూడండి.

యంత్రానికి జంతువుల పేర్లు గండం. ‘సీల్’ ముద్ర కావచ్చు, ‘కైట్’ అనే గద్ద గాలిపటం కావచ్చు, ‘మోల్’ పుట్టుమచ్చ, ‘స్వాలో’ పిట్ట మింగడం, సింహాల ‘ప్రైడ్’ గర్వం, చేపల ‘స్కూల్’ బడి. నాన్నగారికి ఇవి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ‘ముద్ర మంచు మీద పడుకుంది’ అని చదివి కళ్లజోడు తుడుచుకుంటారు. అక్షరాలు చిన్నగా ఉంటే సబ్‌టైటిల్ ఆప్షన్లలో సైజును 150 శాతం చేసి వెనక నల్లటి పట్టీ పెట్టండి. తెర అడుగున సబ్‌టైటిల్ సగం తెగిపోతుంటే అది టీవీ ఓవర్‌స్కాన్, అంటే బొమ్మ అంచులు కోసి చూపడం. పిక్చర్ సైజులో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ ఎంచుకుంటే సరి.

నకిలీలు

ఇప్పుడు పెద్ద బెడద కృత్రిమ మేధతో పుట్టించిన జంతువుల వీడియోలు. వంటింట్లోకి చిరుత, కొండచిలువను కాపాడిన కోతి, ఇలాంటివి. ప్రతి షాటూ కొన్ని సెకన్లే ఉంటుంది, జంతువు చెట్టు చాటుకు వెళ్లి వచ్చేసరికి చారలు మారతాయి, ఊరి పేరు గానీ తీసినవాళ్ల పేర్లు గానీ ఉండవు. దొంగిలించిన అసలు డాక్యుమెంటరీలకు వేరే గుర్తులు: బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు మారి ఉంటుంది, చుట్టూ రంగు చట్రం, వ్యాఖ్యాత గొంతు కీచుగా. అవి ఈరోజు ఉండి రేపు మాయమవుతాయి. చిత్రం చివర కెమెరామెన్, శాస్త్ర సలహాదారుల పేర్లు వస్తే అది సరైన సరుకు. అన్ని చానళ్లూ ఉచితమని ఎవరో ఇచ్చే ఏపీకే ఫైలును (స్టోరుతో పనిలేకుండా నేరుగా ఎక్కించే యాప్) స్టిక్‌లో వేయనివ్వకండి. అదే స్టిక్‌లో మీ గూగుల్ ఖాతా తెరిచి ఉంటుంది.

ఒక్క సెట్టింగు మారిస్తే అడవి అడవిలా కనబడుతుంది. పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘మూవీ’కి, షార్ప్‌నెస్ సగానికన్నా కిందికి. వివిడ్‌లో అన్ని ఆకులూ ఒకే చిలకపచ్చ, షార్ప్‌నెస్ ఎక్కువైతే పిట్ట చుట్టూ తెల్లటి అంచు. మొదటి రోజు వెలిసిపోయినట్టు అనిపిస్తుంది, రెండో రోజుకు కళ్లు అలవాటుపడతాయి.

ఫ్రీ డిష్ కూడా కావాలంటే

డిష్, బాక్స్, తీగ కలిపి సుమారు రెండు వేలు, ఆపై నెలవారీ ఏమీ లేదు. పాత డీటీహెచ్ డిష్ ఇంట్లో ఉండి, దాని ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే భాగం) యూనివర్సల్ రకమైతే దాన్నే తిప్పుకోవచ్చు. బాక్స్ ఎంపీఈజీ-4 అనే కొత్త వీడియో రకానిది తీసుకోండి, పాత ఎంపీఈజీ-2 బాక్స్‌లో కొన్ని చానళ్లు రావు. మీ టీవీ వెనక మరతో ఉన్న ‘ఎల్ఎన్‌బీ ఇన్’ రంధ్రం ఉంటే బాక్స్ కూడా అక్కర్లేదు.

ఉపగ్రహం జీశాట్-15, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీలు. హైదరాబాదు నుంచి చూస్తే దక్షిణం నుంచి తూర్పుకు 42 డిగ్రీలు తిరగాలి, ఎత్తు 63 డిగ్రీలు. విజయవాడలో 39, 66. విశాఖలో 31, 66. తిరుపతిలో 47, 67. కంపాస్‌ను పిట్టగోడ ఇనుప చువ్వలకు దూరంగా పట్టుకుని చూడండి. పళ్లెం అంత పైకి చూస్తున్నట్టు కనబడదు. ఇళ్ల మీద కనబడే ఈ రకం, ఆఫ్‌సెట్ డిష్, తన ముఖం కన్నా ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు డిగ్రీలు పైనుంచి సిగ్నల్ తీసుకుంటుంది. హైదరాబాదులో పళ్లెం నిట్టనిలువు నుంచి నలభై డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉంటే సరైన చోట ఉన్నట్టే.

బాక్స్ డిష్ సెట్టింగుల్లో ఎల్ఎన్‌బీ 9750/10600, ట్రాన్స్‌పాండర్ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టి డిష్‌ను అంగుళంలో పావు చొప్పున కదపండి. ప్రతి కదలిక తర్వాత రెండు మూడు సెకన్లు ఆగాలి, బాక్స్ లాక్ కావడానికి అంత సమయం పడుతుంది. తెర మీద రెండు గీతలు వస్తాయి. ‘స్ట్రెంత్’ను నమ్మొద్దు, డిష్ గోడవైపు తిరిగి ఉన్నా తీగ తగిలితే అది పెరుగుతుంది. చూడాల్సింది ‘క్వాలిటీ’. అది దొరికాక బోల్టులు బిగించే ముందు ఎల్ఎన్‌బీని దాని పట్టులో మెల్లగా రెండువైపులా తిప్పండి. మన ప్రాంతం నుంచి ఉపగ్రహం పక్కకు ఉండటం వల్ల నిలువు తరంగం ఏటవాలుగా వస్తుంది. ఎల్ఎన్‌బీ నిటారుగా ఉంచేస్తే సగం చానళ్లే వస్తాయి, చినుకు పడగానే అవీ పోతాయి. తీగ ఎల్ఎన్‌బీలోకి వెళ్లేచోట కిందికి ఒక వంపు వదలండి. నేరుగా వస్తే వాన నీరు తీగ వెంట కనెక్టరులోకి దిగి, మొదటి వానాకాలానికే రాగి పచ్చబడుతుంది.

పక్కింటి వాటర్ ట్యాంకు, కొబ్బరి మట్టలు అడ్డమో కాదో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. హైదరాబాదు నుంచి చూస్తే మార్చి రెండో వారంలోనూ సెప్టెంబరు ఆఖరు రోజుల్లోనూ పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం ఉన్నచోటికే వస్తాడు. అప్పుడు డిష్ మీద ఎండ పడితే దారి ఖాళీ, నీడ పడితే దాన్ని జరపాల్సిందే. ఆ రోజుల్లోనే సూర్యుడి రొదకు బొమ్మ కొన్ని నిమిషాలు పోయి మళ్లీ వస్తుంది, అప్పుడు డిష్ కదపకండి.